అమావాస్య నాటి మాత్ర

గుణుపురం బస్టాండులో దిగేసరికి
నా సంచిలో ఇరవైనాలుగు అట్టపెట్టెలు,
ఒక రికార్డరు, రెండు పెన్నులు,
ఆఫీసువాళ్లు అచ్చేసిచ్చిన పద్నాలుగు ప్రశ్నలు.
ఏం ఉద్యోగమని అడిగాడు ఆటో కూర్మారావు.
డిజైన్ రీసెర్చర్‌ని.
"సీరల మీదా?"
కాదు, మందుల పెట్టెల మీద.
"పెట్టె మీద ఏటుంటాదమ్మా, పేరుంటాది" అన్నాడు గేరు మారుస్తూ.
అదీ రాసుకున్నాను.
ఈ పనిలో పారేసే మాటంటూ ఉండదు.

మా అమ్మ అప్పలనరసమ్మ
ఈ ఊరి పోస్టాఫీసు అరుగు మీద
ఫారానికి రెండు రూపాయలు తీసుకుని
పదిహేడేళ్లు మనియార్డర్లు నింపింది.
ఆమె కలంలోంచి
ఒడియా అక్షరం గొడుగేసుకుని దిగేది,
తెలుగక్షరం తలకట్టు చుట్టుకుని దిగేది,
సవర మాట
ఆ పూట ఎవరి అక్షరం అరువు దొరికితే అందులో దూరేది.
ఏం రాయమంటావని అడిగేది కాదు.
"ఇంటికాడ ఎవులున్నారిప్పుడు?" అనేది.
ఆ తర్వాత ఊరుకునేది.
ఎదుటి మనిషి చెంగు ముడి విప్పి, మళ్లీ కట్టి,
అసలు సంగతికొచ్చేదాకా
సిరాబుడ్డి మూత తిప్పుతూ కూర్చునేది.
పక్కన గోనెపట్టా మీద నేను
పాడైన ఫారాల వెనకవైపు ఎక్కాలు రాసుకునేదాన్ని.

తర్వాత అహ్మదాబాదు, రెండేళ్ల చదువు.
అద్దాల గదిలో మొదటి పాఠం: వినడం ఎలా.
నాకు నవ్వొచ్చింది.
ఎందుకని మాస్టారు అడిగితే చెప్పలేకపోయాను.
ఆ ఫీజు రశీదు అమ్మకి చూపించలేదు.

కొండ కింద సుకాంతి గమాంగో ఇల్లు.
ఎర్రమన్ను పూసిన గోడకి ఆనుకుని
నెల కిందట మేమిచ్చిన పెట్టె తీసి చూపింది.
పగటి మాత్రకి సూర్యుడు,
రాత్రి మాత్రకి చంద్రుడు.
బెంగుళూరులో ఆరుగురం కూర్చుని
పన్నెండు గీసి పదకొండు చింపేసి
ఒప్పుకున్న చంద్రుడు.
సూర్యుడి గళ్లన్నీ ఖాళీ.
చంద్రుడి వైపు మూడు మాత్రలు మిగిలాయి.

ఏడో ప్రశ్న: మాత్ర ఎందుకు మరిచిపోయారు?
అడగబోయాను.
చేతిలో సిరాబుడ్డి లేదు, పెన్ను మూత తిప్పాను.
ఒక కోడిపెట్ట గడప దాటి వచ్చి
మమ్మల్నిద్దర్నీ చూసి వెళ్లిపోయింది.
చివరికి ఆమే అంది:
"అమాస కదా. సెందురుడు లేడు.
నానేటి సేసేది?"

ఆ తర్వాత ఇంకో సంగతి,
బియ్యంలో రాయి ఏరేసినంత తేలిగ్గా.
అమాసకి ముందు వారమంతా
చంద్రుడు కొండెక్కేసరికి అర్ధరాత్రి దాటేదట.
అందాకా మేలుకునే ఉందట,
గుప్పిట్లో మాత్ర, చెంబులో నీళ్లు, గుమ్మంలో తను.
అది బీపీ మాత్ర.
కంటినిండా నిద్రపొమ్మని డాక్టరు చెప్పాడు.

నోటుబుక్కులో 'యూజర్ పొరబడ్డారు' అని
అలవాటు చొప్పున రాసేసి ఉన్నాను.
కొట్టేశాను.
అక్షరం రాని మనిషి
మా బొమ్మని అక్షరాలా పాటించింది.

చంద్రుడు వద్దు, మరేం వేయమంటావని అడిగాను.
వేలు పెట్టి పొయ్యి పక్కకి చూపించింది:
రాత్రి తిన్నాక కడిగి బోర్లించిన కుండ.
గీశాను.
తల అడ్డంగా ఊపింది, ఇది తన కుండ కాదంది.
అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడగొట్టాను బొమ్మలో.
అప్పుడు నవ్వింది.

తిరుగు దారిలో కూర్మారావు అడిగాడు,
పెట్టె మీద చివరికి ఏటేసినారని.
కుండ, అన్నాను, కొంచెం గర్వంగానే.
వంశధార వంతెన సగం దాటేదాకా ఏమీ అనలేదు.
"మరి కుండెక్కని రేతిరి?"

పెన్ను తీశాను.
ఆటో కుదుపులకి అక్షరం నిలవలేదు.